ఇద్దరే ఉండే ఇంట్లో రోజు ఎలా అమర్చుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పిల్లలు బెంగళూరుకో చెన్నైకో వెళ్ళిపోయాక ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతుల నుంచి ఈ నెల ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. దాదాపు అన్నీ తిరుపతి, చిత్తూరు వైపు నుంచే. మాత్రలు, వంట, నడక, పింఛను కాగితాలు అని విడివిడిగా అడిగారు గానీ, రోజును సరిగ్గా అమర్చుకుంటే వీటిలో చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. మందుల విషయంలో మేం చెప్పేవి మీ డాక్టరుతో మాట్లాడాకే అమల్లో పెట్టండి.

మా వారు జూన్‌లో రిటైరయ్యారు. అప్పటి నుంచి నాకు తీరిక అన్నదే లేదు. ఐదున్నరకు కాఫీ, ఎనిమిదికి టిఫిను, పదకొండుకు మళ్ళీ కాఫీ, ఒంటిగంటకు భోజనం, నాలుగింటికి ఏదో ఒకటి, రాత్రికి చపాతీలు. నాకు థైరాయిడ్ ఉంది. పొద్దున మాత్ర వేసుకున్న వెంటనే ఆయనతో పాటే కాఫీ తాగేస్తున్నాను. ఈ మధ్య రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలకపోతే పెరిగే హార్మోను) ఎక్కువ వస్తోందని డోసు పెంచారు. రోజంతా నీరసం. ఏం చేయాలి?
– ఒక గృహిణి, భవానీనగర్, తిరుపతి

అమ్మా, డోసు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కాఫీని మాత్రకు దూరం జరపండి. థైరాక్సిన్ మాత్ర పరగడుపున, మంచినీళ్ళతో మాత్రమే వేసుకోవాలి. ఆ తర్వాత 45 నిమిషాల నుంచి గంట దాకా కాఫీ, పాలు, టిఫిను ఏదీ వద్దు. వెంటనే కాఫీ తాగితే మాత్రలోని మందు పేగుల నుంచి ఒంటికి పూర్తిగా పట్టదు. డోసు పెంచినా టీఎస్‌హెచ్ దిగకపోవడానికి తరచూ కనబడే కారణం ఇదే. కాల్షియం, ఐరన్ మాత్రలు కూడా వేసుకుంటుంటే వాటికీ థైరాక్సిన్‌కూ మధ్య 4 గంటలు ఉండాలి. కాల్షియం మాత్రను మధ్యాహ్న భోజనంలోకి మార్చుకుంటే సరిపోతుంది. ఈ పద్ధతి మొదలుపెడుతున్నట్టు మీ డాక్టరుకు ఇప్పుడే చెప్పండి, 6 నుంచి 8 వారాల తర్వాత మళ్ళీ రక్తపరీక్ష చేయించండి. పెంచిన డోసు పూర్తిగా ఒంటికి పడితే ఎక్కువైపోవచ్చు. గుండెదడ, చేతుల వణుకు, కారణం లేకుండా బరువు తగ్గడం కనబడితే అన్ని వారాలు ఆగకండి.

ఇక ఆ గంట ఎలా గడపాలి అంటే, నడకతో. మాత్ర, నీళ్ళ గ్లాసు రాత్రే మంచం పక్కన పెట్టుకోండి. ఐదింటికి మాత్ర. మీ వారు ఫిల్టరులో నీళ్ళు పోసి బయల్దేరతారు. ఇద్దరూ నడిచి ఆరుంబావుకు తిరిగొచ్చేసరికి డికాషన్ దిగి ఉంటుంది. పాలు కాచి కాఫీ కలపడమూ ఆయన పనే. రాదంటే నేర్చుకోవడం కష్టమేమీ కాదు: ఇద్దరికి 3 పెద్ద చెంచాల పొడి, 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్ళు. నీళ్ళు మరిగాక అర నిమిషం ఆగి పోయాలి. పొడిని పైబిళ్ళతో గట్టిగా అదిమితే చుక్క దిగదు. అసలు అదమకపోతే నీళ్ళు గబగబా దిగిపోయి డికాషన్ పలచబడుతుంది. పొడి మరీ మెత్తగా ఉంటే రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకని వారానికోసారి ఫిల్టరును వేడినీళ్ళలో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దాలి.

మిగతా పనుల గురించి మా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్తాం. ఆయన రిటైరయ్యారు, మీరు కాలేదు. ఆ ఇంట్లో అసలు తేడా అదే. "కొంచెం సాయం చేయండి" అని అడిగితే సాయమే వస్తుంది, ఆ పని గురించి ఆలోచించే భారం మీమీదే ఉండిపోతుంది. అందుకే పనిని మొదలు నుంచి చివరి దాకా అప్పగించండి. కూరగాయలు ఆయనవంటే ఫ్రిజ్ చూసుకోవడం, చీటీ రాసుకోవడం, రైతుబజారుకు వెళ్ళడం, తెచ్చాక ఆకుకూర ఏరి సర్దడం అన్నీ ఆయనవే. మొదటి రెండు వారాలు తప్పులు జరుగుతాయి. టమోటా చవకగా ఉందని 3 కిలోలు తేవడం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. ఇద్దరికి వారానికి టమోటా కిలో, ఎర్రగడ్డ కిలో, ఉర్లగడ్డ అరకిలో, ఆకుకూర రెండు విడతలుగా నాలుగు కట్టలు చాలు. ఈ లెక్క గోడ మీద అంటించి పెట్టండి. తప్పు జరిగిన ప్రతిసారీ మీరే దిద్దితే నెల తిరక్కుండా ఆ పని మళ్ళీ మీ చేతికే వస్తుంది.

పదకొండు గంటల కాఫీ మానేసి ఒక గ్లాసు పలుచటి మజ్జిగ పెట్టుకోండి, దాన్ని ఎవరికి వారు పోసుకోవచ్చు. నాలుగింటికి పొయ్యి వెలిగించకుండా ఒక గుప్పెడు ఉడికించిన చెనిక్కాయలో, శనగలో చాలు. వంట రోజుకు ఒకసారే, పొద్దున 10 లోపు. రాత్రికి అదే పప్పు, అదే తాళింపు కూర. చపాతీ కావాలంటే పిండి ఆయన కలుపుతారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మీకు ఏ పనీ లేదని ముందే చెప్పి ఉంచండి.

నాకు 68. పదేళ్ళుగా షుగరు ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు ఒక్కపొద్దు ఉండడం మా ఇంటి ఆచారం. తళిగ (స్వామికి నైవేద్యం) వేసి, గోవిందనామం చెప్పాకే భోజనం, ఒంటిగంటన్నర అవుతుంది. పోయిన సంవత్సరం పూజ దగ్గరే చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి. మాత్ర మానేసి ఒక్కపొద్దు ఉండమని ఒకరు, ఒక్కపొద్దే మానేయమని ఒకరు అంటున్నారు.
– గ్రీమ్స్‌పేట, చిత్తూరు

మీకు జరిగింది చక్కెర పడిపోవడం అనే అనిపిస్తోంది. గ్లిమిపిరైడ్ తిండితో సంబంధం లేకుండా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది, దాని ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. పొద్దున 8కి మాత్ర వేసుకుని ఒంటిగంటన్నర దాకా ఏమీ తినకపోతే చక్కెర దిగిపోయే ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. కాబట్టి "మాత్ర మానేయి" అని గంపగుత్తగా చెప్పే సలహా సరికాదు. ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరు చెప్పాలి. పెరటాసి రావడానికి రెండు వారాల ముందే వెళ్ళి ఇలా అడగండి: "ఈసారి శనివారం మొదటి భోజనాన్ని పదకొండుకు జరుపుతున్నాను. ఆ రోజు గ్లిమిపిరైడ్ తగ్గించాలా, భోజనం ఇంకా ముందుకు జరపాలా?" డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు వాడేవారూ, ఇన్సులిన్ తీసుకునేవారూ అడగకుండా ఉపవాసం పెట్టుకోకూడదు, సొంతంగా మందు ఆపనూకూడదు.

ఒక్కపొద్దు పూర్తిగా మానాల్సిన పనిలేదని మా అభిప్రాయం. చాలా ఇళ్ళలో పాలు, పండు పలహారం కింద చెల్లుతాయి. పొద్దున 8కి ఒక గ్లాసు పాలు, ఒక జామపండు తీసుకోండి. తళిగ పదకొండుకల్లా అయ్యేలా వంట ఆరున్నరకే మొదలుపెట్టండి. వడలు, పులిహోర, చక్కెర పొంగలి అన్నీ ఒక మనిషి చేస్తే ఆలస్యం తప్పదు, కాబట్టి పులిహోర కోసం చింతపండు గుజ్జు శుక్రవారమే ఉడికించి పెట్టుకోండి. ఒక్కపొద్దు విడిచేటప్పుడు ఒక్కసారిగా పొంగలి, పాయసంతో మొదలుపెడితే సాయంత్రానికి చక్కెర బాగా పెరిగిపోవచ్చు. పప్పు, కూరతో మొదలుపెట్టి తీపి రెండు చెంచాలకు పరిమితం చేయండి.

గ్లూకోమీటరు పూజగదికి దగ్గరలోనే ఉండాలి. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడడం, ఉన్నట్టుండి చిరాకు, వీటిలో ఏది కనిపించినా వెంటనే చూడండి. 70 కంటే తక్కువుంటే 3 టీచెంచాల చక్కెర అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగాలి. లడ్డు, పొంగలి పెట్టకండి, నెయ్యి వల్ల అందులోని చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసి, ఇంకా 70కి లోపే ఉంటే మళ్ళీ అంతే. తేరుకున్నాక భోజనం చేసేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిమిపిరైడ్ వాడేవారికి ఒకసారి పడిన చక్కెర కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడొచ్చు, కాబట్టి ఆ రోజంతా మీ ఇంటావిడ రెండు మూడు గంటలకోసారి మీటరు చూడాలి. మీటరు వాడడం ఆమెకు కూడా వచ్చి ఉండాలి. చాలా ఇళ్ళలో ఒక్కరికే వచ్చు, అవసరమైన రోజు పడిపోయేది ఆ ఒక్కరే.

ఇంకో మాట. రాగిసంగటి తింటే షుగరు రాదని నమ్మి రెండు ముద్దలు తినేవారు మన దగ్గర చాలామంది. సంగటిలో బియ్యమూ ఉంటుంది, మెత్తటి పిండీ త్వరగానే అరుగుతుంది. పిడికిలంత ముద్ద ఒకటి, దాంతో పప్పు గానీ పుల్లగూర గానీ ఎక్కువగా తినండి.

పొద్దున పూట ఇద్దరం యూనివర్సిటీ ఆవరణలో నడుస్తాం. దానికి బదులు రోజూ అలిపిరి మెట్లు కొంత ఎక్కితే వ్యాయామమూ పుణ్యమూ రెండూ వస్తాయి కదా?
– ఎం.ఆర్.పల్లి, తిరుపతి

రోజూ వద్దు. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, సుమారు 3,550 మెట్లు. అందులో మొదటి భాగం, గాలిగోపురం దాకా, బాగా నిటారుగా ఉంటుంది, అంటే మీరు "కొంత" ఎక్కేది కష్టమైన భాగమే. పైగా సగం ఎక్కి వెనక్కి దిగాలి. మోకాళ్ళ మీద ఎక్కువ బరువు పడేది దిగేటప్పుడే. 60 దాటినవారు, బీపీ, షుగరు, ఉబ్బసం, కీళ్ళ జబ్బులు ఉన్నవారు నడకదారిన రావడం మంచిది కాదని తితిదే కూడా చెప్పింది. మొక్కు ఉంటే డాక్టరును అడిగి, ఏడాదికి ఒకసారి తెల్లవారుజామున మెల్లగా ఎక్కి బస్సులో దిగండి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి ఒట్టి కాళ్ళతో మెట్లు అసలే వద్దు, రాయి గుచ్చుకున్నా కాలినా తెలియదు.

యూనివర్సిటీ దారే మీకు మంచిది: చదును, చెట్ల నీడ. వారానికి 5 రోజులు, 30 నిమిషాలు, మాట్లాడగలిగి పాడలేనంత వేగం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. దీనికి తోడు ఇంట్లో చేతులు వాడకుండా కుర్చీలోంచి 10 సార్లు లేవడం, వంటగట్టు పట్టుకుని మడమలు 10 సార్లు పైకెత్తడం రోజూ చేయండి. పడిపోకుండా కాపాడేది ఒట్టి నడక కాదు, తొడల బలం.

నా భార్యకు 70. పోయిన వారం బాత్‌రూములో జారింది. దెబ్బేమీ లేదు. ఎముక విరిగినా పక్కనే కట్టు కట్టేవాళ్ళు ఉన్నారు, భయమెందుకని బంధువులు అంటున్నారు. బాత్‌రూములో ఏమేం మార్చాలి?
– పుత్తూరు

బాత్‌రూము సంగతి ముందు. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి స్టీలు పట్టుకడ్డీలు వేయించండి. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తు. గోడలోకి రంధ్రం వేసి యాంకర్ బోల్టులతో బిగించాలి. గాలి పీల్చి అంటుకునే రబ్బరు కప్పుల కడ్డీలు కొనకండి, తడి టైలు మీద అవి ఊడి వస్తాయి. టవల్ రాడ్డును ఆసరాగా పట్టుకోవడం అంతకంటే ప్రమాదం. కడ్డీ బిగించిన మేస్త్రీ ముందే మీరు మొత్తం బరువు వేసి లాగి చూడండి. కమోడ్ కూర్చునే ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు ఉండాలి. తక్కువైతే పైన బిగించే ఎత్తు సీటు దొరుకుతుంది. స్నానానికి చిన్న పీట తీసేసి, కాళ్ళకు రబ్బరు తొడుగులున్న 17 అంగుళాల ప్లాస్టిక్ స్టూలు పెట్టండి. చెంబు, సబ్బు వంగకుండా అందాలి.

జారడానికి చాలాసార్లు కారణం నీళ్ళు కాదు, సబ్బు, షాంపూ, నలుగుపిండి జిడ్డు. అది ఎండాక కనబడదు, మళ్ళీ తడవగానే జారుతుంది. రెండు రోజులకోసారి గట్టి బ్రష్‌తో కడగాలి, ఆ పని ఆమె చేయకూడదు. అరిగిన హవాయి చెప్పులు పారేయండి. గడప మీద తెల్ల రంగు పట్టీ, రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టండి. లోపల గడియ పెట్టుకోకుండా తలుపు దగ్గరగా వేసి పైన టవల్ వేసుకునే అలవాటు చేయండి, పడిపోతే తలుపు పగలగొట్టే అవసరం ఉండదు.

ఆమె ఎందుకు జారిందో కూడా చూడాలి. కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల లోపు ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతుంటే బీపీ మాత్రలు సరిచేయించాలి. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర రాత్రి పూట వేసుకుంటుంటే పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి. రాత్రి రెండుసార్లు లేవడం తగ్గితే పడే అవకాశమూ తగ్గుతుంది.

ఇక కట్టు గురించి. పుత్తూరు కట్టుకు తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు, ఆ నమ్మకాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ తుంటి ఎముక విషయంలో మాత్రం దయచేసి అక్కడికి తీసుకెళ్ళకండి. తుంటి దగ్గర తొడ ఎముక మెడ కీలు లోపల ఉంటుంది, పైనుంచి ఎంత కట్టినా ఆ విరుగు కదలకుండా ఆగదు. ఎముక తలకు రక్తం తెచ్చే నాళాలు కూడా అక్కడే దెబ్బతింటాయి. వారాల తరబడి మంచాన పడుకోబెడితే పుండ్లు, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం మొదలవుతాయి. పెద్దవాళ్ళ ప్రాణం తీసేవి ఇవే. వీలైనంతవరకు 48 గంటల లోపు ఆపరేషన్ జరిగితే చాలామందిని మర్నాడే వాకరుతో నిలబెడతారు.

గుర్తులు ఇవి: పడ్డాక నిలబడలేకపోవడం, గజ్జల్లో నొప్పి, పాదం బయటికి తిరిగి ఉండడం, ఆ కాలు కాస్త పొట్టిగా కనిపించడం. ఇవి కనిపిస్తే లేపకండి, నూనె రాయకండి, కాఫీ కూడా ఇవ్వకండి, ఆపరేషన్ అవసరమైతే ఖాళీ కడుపు కావాలి. 108కి ఫోన్ చేసి ఎముకల ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తిరుపతిలో బర్డ్, రుయా, స్విమ్స్ ఉన్నాయి. ఒక్కోసారి ఎముక చీలినా మనిషి కుంటుతూ నడుస్తారు. గజ్జల్లో నొప్పి మూడో రోజుకూ ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే.

ఇద్దరికే వండుతున్నా పిండి పులిసిపోతోంది, కుక్కరు మాడిపోతోంది. ఏం చేయాలి?
– పలమనేరు

ఆరుగురికి వండిన చెయ్యి ఇద్దరికి తగ్గడానికి టైము పడుతుంది. ఇడ్లీకి అర గ్లాసు మినపప్పు, రెండు గ్లాసుల ఇడ్లీ బియ్యం చాలు, పాతిక దాకా వస్తాయి. ఎండాకాలం ఉప్పు వేయకుండా రుబ్బి, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టి, ఏ పూటకు కావలసినంత పిండికి ఆ పూటే ఉప్పు కలపండి. కుక్కరు మాడేది 5 లీటర్ల దాంట్లో కొంచెం బియ్యం, కొంచెం నీళ్ళు పెట్టడం వల్ల. విజిల్ రాకముందే నీళ్ళు ఆవిరైపోతాయి. 3 లీటర్లది కొని, అడుగున ఒకటిన్నర గ్లాసు నీళ్ళు పోసి, బియ్యం గిన్నె లోపల పెట్టండి. ఒక పూటకు ఇద్దరికి ముప్పావు గ్లాసు బియ్యం సరిపోతుంది. అన్నం తగ్గించిన మేరకు పప్పు పెంచండి. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు సుమారు ఒక గ్రాము మాంసకృత్తులు కావాలి. పితికిపప్పు (తొక్క తీసిన పచ్చి అనపగింజలు) కాలంలో దాన్ని వదలకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగాకే పప్పు పెంచాలి.

మధ్యాహ్నం నిద్ర మానలేం, రాత్రి రెండింటికే మెలకువ. మాత్ర వేసుకోవచ్చా?
– తిరుచానూరు

ముందు మధ్యాహ్నం నిద్రను అరగంటకు తగ్గించి, మూడు లోపు ముగించండి. రెండింటి తర్వాత కాఫీ వద్దు. రాత్రి తొమ్మిదికే పడుకుంటే రెండింటికి అయిదు గంటల నిద్ర అయిపోయినట్టే, అందుకని పదిన్నర దాకా కూర్చోండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చుకోకండి. ఈ వయసులో దాని మత్తు పొద్దుటి దాకా ఉండి పడిపోయేలా చేస్తుంది.

లైఫ్ సర్టిఫికెట్ ఇద్దామంటే వేలిముద్రలు పడడం లేదు. బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాను. పింఛను ఖాతా నా ఒక్కడి పేరుమీదే ఉంది, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఇద్దరి పేరుమీద ఉన్నాయి. ఇంకేమైనా చూసుకోవాలా?
– కొర్లగుంట, తిరుపతి

వయసుతో వేలిగీతలు అరిగిపోవడం మామూలే. ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021 నుంచి ఉంది. ఫోన్‌లో 'ఆధార్ ఫేస్ ఆర్‌డీ', 'జీవన్ ప్రమాణ్' యాప్‌లు రెండూ వేసుకోవాలి, ఒక్కటే వేస్తే పనిచేయదు. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీ వైపు తిరిగి, కళ్ళద్దాలు తీసి, చెప్పినప్పుడు కళ్ళు ఆర్పాలి. పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, ఖాతా నంబరు, పింఛను మంజూరు చేసే శాఖ పేరు సరిగ్గా ఎంచుకోవడం ముఖ్యం. శాఖ తప్పు ఎంచుకుంటే సర్టిఫికెట్ తయారైనట్టే కనబడుతుంది, తర్వాత తిరస్కరిస్తారు. అందుకని వచ్చిన ప్రమాణ్ ఐడీతో నాలుగు రోజులాగి స్థితి చూసుకోండి. ఇది కుదరకపోతే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్టుమ్యాన్ ఇంటికే వచ్చి చేస్తారు.

గడువులు అందరికీ ఒకటి కాదు. కేంద్ర పింఛనుదారులకు నవంబరు, 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛనుదారులకు జనవరి, ఫిబ్రవరి. ఈపీఎస్ (పీఎఫ్ కార్యాలయం ఇచ్చే ఉద్యోగుల పింఛను) వాళ్ళు ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది.

ఖాతాను మీ భార్యతో కలిపి 'ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు' పద్ధతికి మార్పించండి. పీపీఓలో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా చూడండి. కుటుంబ పింఛను ఆలస్యమయ్యే ఇళ్ళలో ఎక్కువగా కనబడేది అక్షరాల తేడానే. డిపాజిట్ల విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఇద్దరి పేరుమీద ఉన్నా, గడువుకు ముందే ఒకరు పోతే రెండోవారు డిపాజిట్‌ను మధ్యలో తీసుకోవడానికి బ్యాంకు మిగతా వారసుల సంతకాలు అడగవచ్చు. అలా అడగకుండా ఉండాలంటే, 'ఒకరు లేనప్పుడు రెండోవారు గడువుకు ముందే తీసుకోవచ్చు' అని ఇద్దరూ కలిసి సంతకం చేసిన లేఖ బ్యాంకులో ముందే ఉండాలి. ప్రతి డిపాజిట్‌కూ ఆ లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని, ఆ కాపీ ఎక్కడుందో మీ భార్యకు చూపించండి.